పేరుతో కాదు, ఏడుతో వెతుకు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. మీ నాన్న, మా బావ, పోయిన దుఃఖం తీరకముందే కాగితాల పని నీ నెత్తిన పడింది. ఆమనగల్లు దిక్కున్న పొలానికి పాత పహాణీలు (ఏటేటా రాసే సాగు రికార్డులు) కావాలంటే ఒకాయన మహబూబ్‌నగర్ పొమ్మన్నాడని, ఇంకొకాయన రంగారెడ్డి పొమ్మన్నాడని రాశావు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, కానీ ఏ సంవత్సరం కాగితం కావాలని ఇద్దరిలో ఒక్కరూ నిన్ను అడగలేదు. నా ఉద్యోగమంతా మండల కచేరీలో రికార్డు గది పక్కనే గడిచింది కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తా. కాగితాన్ని పేరుతో వెతకొద్దు, ఏడుతో వెతుకు. ఆ ఏడు మన ఊరు ఏ కచేరీ కింద ఉండేదో తెలిస్తే సగం పని అయినట్టే.

ఊరు ఉన్నచోటే ఉన్నది, పైన బోర్డులు మారాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్, ఆమనగల్లు దిక్కు రంగారెడ్డిలో కలిసింది, కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది. నల్లగొండ అయితే నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు ముక్కలైంది. ఇప్పటి పని ఏదైనా ఇప్పటి మండలంలోనే, ఇప్పటి జిల్లాలోనే. పాత దస్తావేజు సంగతి వేరు. ముందు తహసీల్దార్ కచేరీలో అడుగు. అక్కడ లేదని చెప్తే, ఆ మాట కాగితం మీద రాయించుకొని పాత జిల్లా కలెక్టరేట్ రికార్డు గదికి పో. నోటిమాట పట్టుకొని మాత్రం బస్సెక్కొద్దు.

ఇంకొక చిక్కు ఉన్నది. నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కున మీ అమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు ఎందుకు దొరకలేదని అడిగావు. నువ్వు తండా పేరు మీద వెతికావు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు ఎన్నో గ్రామపంచాయతీలయ్యాయి, కానీ భూమి రికార్డు పాత రెవెన్యూ గ్రామం పేరు మీదే నడుస్తుంది. తండా కొత్త పంచాయతీ అయినా పొలం పెద్దూరి శివారులోనే ఉంటుంది. రెవెన్యూ గ్రామం పేరు పెట్టి మళ్ళీ చూడు.

ఇక పాత పహాణీల సంగతి. మన దిక్కు ఏ భూమి తగాదాకైనా మొదలు చూసేది 1954-55 ఖాస్రా పహాణీ. దానికంటే ముందు సేత్వార్ (తొలి సర్వే రికార్డు) ఉంటుంది, అది ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివేవాళ్ళను వెంట తీసుకుపో. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం రాసి ఉంటుంది. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954 అన్నమాట. పహాణీ చేతికి రాగానే విస్తీర్ణం ఒక్కటే చూసి మడవకు. పట్టాదారు కాలమ్‌లో ఎవరి పేరున్నది, కాస్తు (సాగు) కాలమ్‌లో ఎవరి పేరున్నది, రెండూ చూడు. రెండు పేర్లూ ఒకటే అయితే మంచిదే. వేరైతే ఏ ఏటి నుంచి వేరయ్యాయో వెనక్కి పోతూ చూడు. రక్షిత కౌలుదారు అని కనిపిస్తే అక్కడ ఆగి, కౌలుదారీ రిజిస్టరు కూడా అడుగు. సర్వే నంబరు పక్కన అ, ఆ, ఇ అని బై నంబర్లుంటాయి. ‘అ’కు, ‘ఆ’కు మధ్య ఉన్నది ఒక్క దీర్ఘమే, కానీ అది తప్పిందంటే నీ పొలం పక్కోడి ఖాతాలో కనిపిస్తుంది. ఎకరాలు, గుంటలు కూడా కూడి చూడు. 40 గుంటలకు ఒక ఎకరం. బై నంబర్లన్నీ కలిపితే మొత్తం సర్వే నంబరు విస్తీర్ణానికి సరిపోవాలి. ఎక్కువ వస్తే ఎవరికో లేని భూమి రాశారని అర్థం.

1984లో పట్వారీ వ్యవస్థ పోయింది, 2020లో వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) పోయారు. అదే ఏడు అక్టోబర్ 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని జాగాలో భూభారతి వచ్చింది. మొదట పరీక్షగా పెట్టిన మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. పోర్టల్ పేరు ఏదైనా, తెర మీద కనిపించేది ఈనాటి సంగతే. నిన్నటి సంగతి చేతిరాత పహాణీలో ఉంటుంది. రెండింటి నకళ్ళు తీసి పక్కపక్కన పెట్టుకో.

విరాసత్ (వారసుల పేరు మార్పు) పనికి మొదలు కావలసింది మరణ ధ్రువీకరణ పత్రం. జననమైనా మరణమైనా జరిగిన చోట నమోదవుతుంది, సొంతూరిలో కాదు. బావ హైదరాబాద్ దవాఖానాలో పోయాడు కాబట్టి పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరిగి లాభం లేదు, అక్కడి నగరపాలక సంస్థలోనే దొరుకుతుంది. ఆ తర్వాత మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టు. అందులో మీ అమ్మ పేరు, నీ పేరు, తమ్ముని పేరు, అందరివీ ఉండాలి. ఆడపిల్ల పెళ్ళయి పోయింది కదా అని పేరు వదిలేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ 2005లోనే కేంద్ర చట్టం వచ్చింది. నీ వాటా తమ్మునికి ఇస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం, కానీ పేరు రాయించకుండా ఊరుకోకు. భూభారతి చట్టం ప్రకారం వారసులకు నోటీసులిచ్చి విచారణ చేశాకే పేర్లు మార్చాలి. నోటీసు వస్తే భయపడకు, అది నీ మేలుకే.

రిజిస్ట్రేషన్లు చూడాలంటే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించు. 1983 నుంచి ఇటు లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అంతకు ముందటివి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తీసి వెతికించుకోవాలి. అక్కడ కూడా సంవత్సరం చెప్పనిదే పని జరగదు.

ఎక్కడైనా ‘లేదు’, ‘రేపు రా’ అంటే కొట్లాడకు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఏ ఫీజూ లేదు. ‘మా భూమి వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ఏ జవాబైనా రావచ్చు. ‘ఫలానా రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు ఇంత, 1954-55 ఖాస్రా పహాణీ, 1975-76 నుంచి 1985-86 వరకు పహాణీల ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వండి’ అని రాస్తే తప్పించుకునే సందు ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే హైదరాబాద్‌లో సమాచార కమిషన్. ఈ చట్టం పైవాళ్ళు దయతలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో కూలోళ్ళు తమ మస్టర్ రోల్ (హాజరు పట్టిక) చూపించమని రోడ్డెక్కి కొట్లాడితే 2005లో దేశ చట్టంగా వచ్చింది. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అని దేశమంతా పిలిపించుకున్న మనకు ఆ కొట్లాట విలువ ఒకరు చెప్పనక్కర లేదు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ రెండు ప్రతులు పట్టుకుపో, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకో. కచేరీ బయట చెట్టు కింద నిలబడి ‘నేను చూసుకుంటా అక్కా’ అనేవానికి అసలు కాగితం చేతికియ్యకు. నకలు ఇచ్చినా దాని మీద ఎందుకోసమో రాసి ఇయ్యి. నువ్వు చదువుకున్నదానివి, వానికి పైసలిచ్చే పని నీకు లేదు.

ఈ వారంలోనే దవాఖానా కాగితంతో మరణ ధ్రువీకరణకు అర్జీ పెట్టు. మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. పెట్టిన ప్రతి అర్జీ నంబరు ఒక నోటుబుక్కులో రాసి, తమ్ముణ్ణి కూడా ఒక నకలు ఉంచుకోమను. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామ