అగ్నిపర్వతాలు – సముద్రపు వేడి

ఖరగ్‌పూర్ రైల్వే బస్తీలలో తెలుగు వినిపించడం కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలనేకం ఇక్కడ స్థిరపడినవి. వారి స్వగ్రామాలకు పోయే రైలు మార్గం బంగాళాఖాతం తీరం వెంబడి సాగుతుంది. తుఫాను వచ్చినప్పుడెల్లా ఆ సముద్రం సంగతి ఇంటింటా ప్రస్తావనకు వస్తుంది. ఆ సముద్రం వేడెక్కుతున్నదని విన్న విద్యార్థికి, అండమాన్ సమీపాన బారెన్ ద్వీపపు అగ్నిపర్వతమే అడుగున మంట పెడుతున్నదేమోనన్న సందేహం కలగడం సహజం. అది త్రోసివేయదగినది కాదు. కారణం భూగర్భంలో ఉంటే మనం చేయగలిగినది శూన్యం. బొగ్గు పొగలో ఉంటే, బొగ్గు ఇంజన్లతో పెరిగిన ఈ ఊరికి కూడా అందులో పాలున్నది.

మొదట లెక్క చూద్దాం. భూగర్భం నుండి సముద్రపు అడుగుకు చేరే వేడి సగటున చదరపు మీటరుకు వాటులో పదో వంతు మాత్రమే. అదీ యుగాలుగా ఇంచుమించు మారనిది. మారనిది కొత్త వేడికి కారణం కాజాలదు. పైగా కొలతలలో ఎక్కువగా వేడెక్కుతున్నది పై పొరలే. అగ్నిపర్వతాలు విడిచే బొగ్గుపులుసు వాయువు మానవుడు విడిచేదానిలో నూటికి ఒక వంతైనా లేదు.

నిజానికి పెద్ద విస్ఫోటనం చేసే మొదటి పని చల్లబరచడం. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో పర్వతం సుమారు 2 కోట్ల టన్నుల గంధకపు వాయువును స్ట్రాటోస్ఫియర్‌కు ఎగజిమ్మింది. అది సూక్ష్మ బిందువులుగా మారి సూర్యరశ్మిని వెనుకకు మళ్ళించగా, 1992లో భూగోళపు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ సెల్సియస్ తగ్గింది. వానలు పడే పొరకు పైన ఉన్నందువల్ల ఆ బిందువులు రెండు మూడేళ్ళు నిలిచినవి. సముద్రానికి మాత్రం జ్ఞాపకం ఎక్కువ. 1883 నాటి క్రకటోవా చల్లదనం లోతు నీటిలో దశాబ్దాలు నిలిచి ఉంటుందని నమూనా గణనలు చెబుతున్నవి.

ఇక ఎల్ నినో సంగతి. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాల రహస్యం వెదుకుతూ, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనం త్రాసు తక్కెడలవలె ఊగుతున్నదని గుర్తించాడు. ఆ ఊగిసలాటను అగ్నిపర్వతం కదల్చగలదా? 1963లో అగుంగ్, 1982లో ఎల్ చిచోన్, 1991లో పినతుబో ప్రేలిన కాలంలోనే ఎల్ నినో వచ్చినది. కాని 1991లో విస్ఫోటనానికి ముందే పసిఫిక్ వేడెక్కసాగింది. ఊతమీయవచ్చునని కొన్ని నమూనాలంటే, పగడపు దిబ్బలలోని పాత ఆధారాలు అంత స్పష్టంగా సాక్ష్యమీయవు. అగ్నిపర్వతం లేకుండానే ఆ చక్రం తిరుగుతుందన్నది మాత్రం నిర్వివాదం.

బారెన్ ద్వీపం 1991లో దీర్ఘనిద్ర చాలించి మళ్ళీ మేల్కొన్నది గాని, భూగోళాన్ని చల్లబరచేటంతటి గంధకాన్ని ఆ ఎత్తుకు పంపలేదు. 2022 జనవరిలో టోంగా సమీపాన ప్రేలిన హుంగా పర్వతం వేరు. అది గంధకం కొద్దిగా, నీటి ఆవిరి సుమారు 15 కోట్ల టన్నులు పైకి పంపింది. 2023లో సముద్రాలు ఎన్నడూ లేనంత వేడెక్కినప్పుడు పలువురు దానినే అనుమానించారు. లెక్కించగా దాని ప్రభావం డిగ్రీలో నూరో వంతులకు మించలేదు.