చింత: తరతరాల ఆస్తి



ఓక్ చెట్టు పేరు మీలో పలువురు విన్నదే. ఐరోపా దేశములలో ఇండ్లకు, ఓడలకు, పీపాలకు దాని కర్రను విరివిగా వాడిరి. మన హిమాలయ ప్రాంతమునను దాని జాతులు కలవు. కుమావూన్, గఢ్వాల్ కొండల రైతులు బాంజ్ అను ఓక్ జాతి ఆకును పశువులకు మేపుదురు. కర్రను నాగళ్లకు, వంటచెరకుకు వాడుదురు. మన మెట్ట భూములలో ఓక్ పెరుగదు. అంతటి గట్టిదనము, దీర్ఘాయువు గల చెట్టు మనకు వేరొకటి కలదు. అదియే చింత.

చెట్టు బలము

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. వేలాది ప్రజలు మరణించిరి. పాతనగరమునకు ఎదుటి గట్టున, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని కలదు. లోతుగా దిగు తల్లివేరు, నలుదిక్కుల పాకు పక్కవేళ్లు, సులభముగా విరుగని కొమ్మలు చింతకు సహజ బలము. ఈ వేళ్ల వలననే అది వర్షాభావమునకును తట్టుకొనును.

ఉపయోగములు

చేవ కర్ర ముదురు రంగులో, మిక్కిలి గట్టిగా ఉండును. గానుగలు, రోకళ్లు, బండి చక్రములు, పనిముట్ల పిడులు దీనితో చేయుదురు. పాతనగరములో బక్రీదుకు ముందు మాంసము కొట్టు చింత మొద్దులు అమ్మకమునకు వచ్చును. కత్తి దెబ్బకు ఈ కర్ర సులభముగా చీలదు. బయటి తెల్లకర్రను మాత్రము పురుగు తొలుచును.

చింతచిగురు మన పప్పులోనికి, హైదరాబాదు వారి చిగుర్ గోష్తులోనికి వచ్చును. పిక్కల పిండిని నూలుకు గంజి పెట్టుటకు జౌళి మిల్లులలో వాడుదురు. పండును పిక్కలు, ఈనెలు తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలలో నిలువచేయవలెను. పులుపు లోహమును తినివేయును గనుక ఇనుప, రాగి పాత్రలు పనికిరావు.

నాటు విధము

పిక్క మొలకలు కాపునకు వచ్చుటకు ఎనిమిది, పదేండ్లు పట్టును. కాయ గుణము తల్లిచెట్టును పోలకపోవచ్చును. అంటుమొక్కలు నాలుగైదేండ్లకే కాపు పట్టును. తమిళనాడులోని పెరియకుళమున రూపొందిన పి.కె.ఎం.-1, ఎర్రని గుజ్జు గల అనంత రుధిర మేలైన రకములు. వేసవిలో మీటరు లోతు, వెడల్పు గల గుంటలు పది మీటర్ల ఎడముగా త్రవ్వి, పశువుల ఎరువు, పైమట్టి కలిపి నింపి, తొలకరి వానలకు నాటవలెను. ఎకరమునకు 40 మొక్కలు పట్టును. మొదటి రెండు వేసవులు నీరు పోసి, మేకల బారినుండి కాపాడవలెను. చింతనీడలో పైరు సరిగా పెరుగదు గనుక పొలము నడుమ గాక పెరటిలో, బంజరు చెలకలో వేయుట మేలు.

అమ్ముటకు ముందు

కలప వ్యాపారి ఇచ్చు సొమ్ము ఒక్కసారి వచ్చునది. కాబట్టి బేరమాడుటకు ముందు ఒక పని చేయుడు. గడచిన ఐదేండ్లలో ఆ చెట్టు పండు, చిగురు, పిక్కలు ఎంత ఇచ్చినవో కాగితముపై వ్రాసి, నేటి ధర కట్టుడు. ఆ మొత్తమును వ్యాపారి మాటతో సరిచూడుడు. కాపు తగ్గిన చెట్టునైనను, నీరు, భూమి, చెట్ల చట్టము (2002) క్రింద అనుమతి కావలెనేమో అటవీ అధికారిని అడిగిన పిమ్మటనే నరకవలెను.

గ్రామాధికారులు చెరువు గట్ల దిగువను, బాటల ప్రక్కను, బడి ఆవరణలోను గల చింతలను లెక్కించి, ఎండిపోయినవాని చోట కొత్త మొక్కలు పెట్టించవలెను. నేడు నాటిన చింత మనుమల కాలమున కూడ కాయును.