ఎనిమిది మంది టీమ్‌లో 384 గంటలే

ఎనిమిది మంది టీమ్, రెండు వారాల స్ప్రింట్. పది పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటలు. చేతిలో 640 గంటలున్నాయనుకుని కొత్త మేనేజర్ క్లయింట్‌కు మాట ఇచ్చేస్తాడు. అది సంక్రాంతి నెల. ఇద్దరు మూడేసి రోజులు సెలవు పెట్టి ఊరెళ్తారు, 48 గంటలు పోయాయి. ఒకరు పూర్తిగా ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉంటారు, మరో 80 పోయాయి. మిగతావాళ్లకు స్టాండప్‌లు, రివ్యూలు, కాల్స్ కలిపి రోజుకు రెండు గంటలు, అంటే 128. చివరికి అసలు పనికి దొరికేవి 384 గంటలు. హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా రాత్రి పొద్దుపోయేవరకూ లైట్లు వెలిగే చాలా ఫ్లోర్లలో కష్టాలు ఈ లెక్క వేయకపోవడంతోనే మొదలవుతాయి.

దీన్ని నేర్చుకోవడానికి మేనేజర్ హోదా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడున్న టీమ్‌కే వేసి చూడండి. చదువుతున్నవాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టుకు వేయండి. అంచనా గంటలు ఒక కాలమ్‌లో, నిజంగా పట్టిన గంటలు పక్క కాలమ్‌లో రాసుకుంటూ పోతే, మీ అంచనా ఎక్కడ తప్పుతోందో కొన్నాళ్లకే తెలిసిపోతుంది.

పని వెనకబడితే "ఇంకో ఇద్దరిని ఇవ్వండి" అనడం అందరికీ ముందు తోచే దారి. ఐబీఎంలో ఓఎస్/360 అభివృద్ధిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీని గురించి హెచ్చరించారు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవాళ్లను దించితే ఆలస్యం ఇంకా పెరుగుతుందని ఆయన వాదన. ఐదుగురి మధ్య మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45. పైగా కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే ఊపిరాడని సీనియరే. అందుకే పని తగ్గించమనో, గడువు జరపమనో ముందు అడగాలి. ఆ మాట క్లయింట్‌కు మొదటి వారంలోనే చెప్పగలగడం మేనేజర్ ఉద్యోగంలో అన్నిటికన్నా విలువైన నైపుణ్యమని నా నమ్మకం.

ఒకే మనిషిని రెండు ప్రాజెక్టులకు 50 శాతం చొప్పున రాస్తే కేటాయింపుల షీట్ చక్కగా కనిపిస్తుంది. కానీ ఆ మనిషి రెండు చోట్లా మీటింగులకు వెళ్లాలి, రెండు కోడ్‌బేస్‌లూ గుర్తుంచుకోవాలి. ఎవరికీ పూర్తి సగం దొరకదు.

ఇక బెంచ్, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండే కాలం. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన విధానం ప్రకారం ఉద్యోగి ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులు మించకూడదు. ఇలాంటి చోట మీరు షీట్‌లోంచి పేరు తీసిన రోజు నుంచే ఆ ఉద్యోగికి గడువు మొదలవుతుంది. హైదరాబాద్ ఇంతకన్నా పెద్ద దెబ్బే చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకుంది. జూన్‌లో ప్రాజెక్టుల్లేని వేలమందిని 'వర్చువల్ పూల్'లోకి మార్చారు. వాళ్లకు మూల వేతనం, పీఎఫ్, వైద్య బీమా మాత్రం మిగిలాయి. నెలనెలా ఈఎంఐ కట్టే ఇంట్లో దాని అర్థమేమిటో వేరే చెప్పాలా? కాబట్టి ఎవరినైనా రిలీజ్ చేయాల్సివస్తే ఆర్‌ఎంజీ (రిసోర్స్ మేనేజ్‌మెంట్ గ్రూప్) మెయిల్ వెళ్లకముందే మీరు ఎదురుగా కూర్చుని చెప్పండి. తర్వాతి ప్రాజెక్టు వెతకడానికి నాలుగు వారాలైనా ముందే తెలియనివ్వండి.

ప్రాజెక్టులకు మనుషుల్ని కేటాయించే ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు పీఎంఓ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీస్), ఆర్‌ఎంజీ విభాగాల్లో అనలిస్ట్ ఉద్యోగాలు మంచి మెట్టు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్, పవర్ బీఐ వచ్చి ఉండాలి. పని అనుభవం లేనివాళ్లు కూడా 23 గంటల శిక్షణ పూర్తిచేసి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ అయిన సీఏపీఎం పరీక్ష రాయవచ్చు.

"ఇద్దరు సీనియర్లు ఒకేసారి రిజైన్ చేస్తే ఏం చేస్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగారనుకోండి. కొత్తవాళ్లను తీసుకుంటానంటే చాలదు, వాళ్లకూ 90 రోజుల నోటీస్ ఉండొచ్చు. వెళ్లేవాళ్ల చేతిలో ఏ పనులున్నాయి, వాటిలో ఏవి ఆపవచ్చు, ఏవి ఇప్పటికే ఇంకొకరికి నేర్పి ఉంచారు, క్లయింట్‌కు ఏ తేదీ మార్చి చెబుతారు, ఈ వరుసలో జవాబివ్వండి.