మన ఊరికీ ఒక పేజీ

సెల్‌ఫోన్‌లో మీ ఊరి పేరు తెలుగులో కొట్టి చూడండి. చాలా ఊళ్లకు ఒక పేజీ వస్తుంది. ఊరు ఏ మండలం, ఏ జిల్లా? జనాభా ఎంత? ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు? బడి ఉందా? ఆసుపత్రి ఎంత దూరం? ఇవన్నీ అందులో ఉంటాయి. ఎక్కువగా 2011 జనాభా లెక్కల నుంచి తీసుకున్నవి.

ఆ పేజీ ఎవరు రాశారు? సర్కారు కాదు. కంపెనీ కాదు. జీతం లేకుండా రాసే మామూలు మనుషులు. వాళ్లలో పంతుళ్లు ఉన్నారు, ఉద్యోగులు ఉన్నారు, పింఛను తీసుకునే పెద్దలున్నారు, కాలేజీ పిల్లలున్నారు. పగలు వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని రాస్తారు.

ఆ పేజీలున్న చోటు పేరు వికీపీడియా. ఇది ఒక విజ్ఞాన సర్వస్వం. అంటే అన్ని సంగతులూ ఒకచోట దొరికే పెద్ద పుస్తకం. ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలైంది. తెలుగులో 2003 డిసెంబరు 10న మొదలైంది. తెలుగులో దీన్ని మొదలుపెట్టినవారు వెన్న నాగార్జున. చదవడానికి డబ్బు కట్టనక్కర లేదు. అందులో ప్రకటనలు ఉండవు. అమెరికాలోని ఒక లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో దీన్ని నడుపుతోంది. రాసేవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే.

వీళ్లకు ఏడాది ఎలా గడుస్తుంది?

ఊళ్ల పేజీల పని ఏడాది పొడుగునా ఉంటుంది. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు కలిసి 33 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సర్కారు ఒక్క రోజులో జిల్లా మార్చింది. వీళ్లు మాత్రం వేల ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు దిద్దాల్సి వచ్చింది. ఎవరూ మెచ్చుకోని పని ఇది. కానీ జిల్లా పేరు తప్పుంటే పేజీ ఎందుకు?

మధ్య మధ్య కలుసుకుంటారు. పదేళ్ల కిందట హైదరాబాదులో సరోజినీ నాయుడు ఉన్న ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నెలనెలా కూర్చునేవారు. కొత్తవాళ్లకు తెలుగు టైపు చేయడం అక్కడే నేర్పేవారు. తెలుగు వికీపీడియా పదేళ్ల పండుగను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో చేసుకున్నారు.

పాత పుస్తకాల పని ఇంకొకటి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే ఆ పుస్తకాన్ని మన దేశంలో ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అలాంటి పుస్తకాలను వికీసోర్స్ అనే చోట పెడతారు. ఒక పక్క పాత పేజీ ఫోటో ఉంటుంది. ఇంకో పక్క దాన్ని అక్షరాల్లో దించుతారు. దించిన పేజీ మొదట ఎరుపు. ఒకరు తప్పులు దిద్దితే పసుపు. మరొకరు మళ్లీ చూస్తే ఆకుపచ్చ. దిద్దినవారే ఆకుపచ్చ చేయకూడదు. వేరే కళ్లు చూడాల్సిందే. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఓపిగ్గా అక్షరం అక్షరం చదివేవాళ్లు కావాలి.

సెప్టెంబరు వస్తే పాత కట్టడాల ఫోటోల పోటీ. ఇది 2010లో నెదర్లాండ్స్ దేశంలో మొదలై చాలా దేశాలకు పాకింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జానపద కళల మీద, ఆడవాళ్ల మీద పేజీలు రాసే పోటీ ఉంటుంది. ఈ పోటీ ఎందుకు అవసరమైంది? వికీపీడియాలో రాసేవాళ్లలో ఆడవాళ్లు తక్కువ. ఆడవాళ్ల గురించిన పేజీలూ తక్కువే.

ఈ లోటు ఇప్పటిది కాదు. నూరేళ్ల పైబడి కిందట కొమర్రాజు లక్ష్మణరావు తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయడం మొదలుపెట్టారు. 'అ' అక్షరం మాటలతోనే మూడు సంపుటాలు నిండాయి. 1923లో ఆయన చనిపోయారు. ఆయన అక్క భండారు అచ్చమాంబ. ఆమె బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. ఆ అక్షరాలతోనే మన దేశపు గొప్ప స్త్రీల జీవితాలను పుస్తకంగా రాసింది. ఆ పుస్తకం పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'.

మరి బతుకమ్మ పాటలు వంద తెలిసిన అవ్వ వికీపీడియాలో రాయొచ్చా? రాయొచ్చు. కానీ ఒక చిక్కుంది. రాసిన మాటకు సాక్ష్యం చూపాలి. పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయి ఉండాలి. "మా అమ్మ చెప్పింది" అంటే చాలదు. ఈ నియమం మంచిదే. లేకుంటే ఊరి చెరువు మా తాతే తవ్వించాడని ఒకరు రాస్తారు. కాదు, ఊరంతా కలిసి తవ్విందని ఇంకొకరు కొట్టేస్తారు. అయితే ఇన్నాళ్లూ ఎవరి మాట అచ్చయింది? నాట్లు వేసినవాళ్లదా, కాన్పులు చేసినవాళ్లదా? అచ్చులోకి రానివాళ్లు పేజీలోకీ రారు. అవ్వ పాట ముందు ఒక పుస్తకంలోకో పత్రికలోకో ఎక్కాలి. అప్పుడు దారి దొరుకుతుంది.

ఫోటోకు ఇంత చిక్కు లేదు. మీరు తీసిన ఫోటోను వికీమీడియా కామన్స్ అనే చోట పెట్టొచ్చు. మీ వాకిట్లో మీరేసిన ముగ్గు ఫోటో అయినా సరే. కానీ ఒకటి తెలుసుకుని ఇవ్వాలి. అక్కడ ఇచ్చింది అందరిదీ అవుతుంది. దాన్ని ఎవరైనా పుస్తకంలో వేసి అమ్ముకోవచ్చు. తీసినవారి పేరు మాత్రం చెప్పాలి. ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. అందుకే ఎవరైనా వచ్చి మీ ఫోటో తీస్తుంటే ఆపి అడగండి, "ఎక్కడ పెడతావు బాబూ?" అని.

మాట్లాడుకోండి:
మీ ఊరి పేజీని ఎవరి చేతనైనా తెరిపించి చదవండి. అందులో ఏది తప్పు? ఏది లేదు?
మీ ఊళ్లో ఆడవాళ్లు చేసిన ఏ పని ఇంతవరకు అచ్చులోకి రాలేదు? అయిదు వాక్యాల్లో రాయండి.