జీవామృతం మోసే పాత జీపు: ముందు బ్రేకు, ఆ తర్వాతే మిగతా మార్పులు



పాత జీపు వెనక డ్రమ్ములు పెట్టి జీవామృతం పారించడం ఇంతకుముందు ఒక వీడియోలో చూపించాను. ఆ పద్ధతిలో ఒక పెద్ద తప్పు ఉంది. అది నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది, అది కూడా బ్రేకు పోయినప్పుడు. ఈసారి వీడియో బండి కింద పడుకుని తీసింది. చెయ్యి ఎట్లా ఆడించాలో వీడియోలో చూడండి. ఎందుకు చేయాలి, ఏ వరుసలో చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నా. దయచేసి రెండూ కలిపి చూడండి.

నేను మెకానిక్‌ను కాను, వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. మా బాపు సింగరేణిలో ఫిట్టరుగా పనిచేసి రిటైర్ అయ్యిండు. పానా పట్టుడు ఆయన దగ్గరే నేర్చుకున్నా. మా పొలం గోదావరిఖని నుంచి మంథని వైపు. నల్లరేగడి. వాన పడితే ఆటో ట్రాలీ దిగబడుతుంది. చిన్న చిన్న మడులకు ట్రాక్టర్ తిప్పితే గట్లు పోతాయి. అందుకే పాత ఎంఎం 540 డీజిల్ జీపు కొన్నా. 1980ల్లో వచ్చిన మోడల్. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. నాలుగు చక్రాలూ లాగుతాయి. విప్పితే అర్థమయ్యే బండి.

ఆ రోజు ఏమైంది

వానాకాలం. వెనక 200 లీటర్ల డ్రమ్ములు రెండు, నిండుగా. అంటే 400 కిలోలు. పక్కన బాపు. మా పొలం దారి కట్ట మీదినుంచి కల్వర్టు దాకా వాలుగా దిగుతుంది. టూ వీల్‌లో, మూడో గేరులో దిగుతున్నా. కల్వర్టు దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తాకింది. మళ్లీ తొక్కినా అంతే.

హ్యాండ్ బ్రేకు లాగి, రెండో గేరుకు దించి, పక్కనున్న దమ్ము చేసిన మడిలోకి తిప్పేశాను. బురదలో దిగబడి ఆగింది. మేకలకు ఏం కాలేదు. మేకలు కాసే పిల్లగాడు భయపడి ఏడ్చిండు. బాపు మోచేయి చీరుకుపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. దిగి, బండి కిందికి వంగి చూసి, "ఈ పైపు ఎప్పుడు చూసినవురా?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు.

వెనక ఇరుసు మీద పోయే ఇనుప బ్రేకు పైపు తుప్పుపట్టి చిల్లుపడింది. నా బండిలో మాస్టర్ సిలిండర్ ఒక్క గదిదే. అంటే ఒక్కచోట నూనె కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. కొత్త బండ్లలో రెండు గదులుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి సగం పని చేస్తుంది. మీ పాత జీపులో ఏది ఉందో ముందు అది చూసుకోండి.

ఇనుమును తిన్నది మన జీవామృతమే

నేను ఇంజిన్ ఆయిల్ టైముకు మార్చేవాణ్ణి. గ్రీజు కొట్టేవాణ్ణి. కానీ డ్రమ్ముల కింద ఏం కారుతుందో ఎన్నడూ చూడలేదు.

ఆవు మూత్రంలో ఉప్పులుంటాయి. అందులోని యూరియా పులిసినకొద్దీ అమ్మోనియా అవుతుంది. బెల్లం వల్ల ద్రావణం జిగురుగా ఉంటుంది. ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి కలిసింది. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు దుమ్ము ఆ జిగురుకు అంటుకుంటుంది. అంటుకున్న పొర ఎండినట్టే కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. ఆ తడిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తడి ఇనుము మీద నిలిస్తే తుప్పు ఆగదు. పైన నల్లటి పెచ్చు, కింద చిల్లు.

అమ్మోనియాకు రాగి, ఇత్తడి కూడా పడవు. బ్యాటరీ పక్కన, పంపు దగ్గర తీగల చివర్లు పచ్చగా మారితే కారణం ఇదే కావచ్చు.

నేలకు మేలు చేసే పదార్థమే ఇనుముకు చీడ. జీవామృతం, ఘనజీవామృతం, మూత్రం డబ్బాలు మోసే ప్రతి బండికీ, ట్రాలీకీ, స్ప్రేయర్‌కూ ఇది వర్తిస్తుంది.

మొదటి పని: బండి కింద చూడటం

చదును నేల మీద పెట్టండి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని కిందికి పోవద్దు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే దూరాలి. ఇటుకలు పెట్టవద్దు, పగులుతాయి.

1. కింద అంతా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. మట్టి మీద తుప్పు కనబడదు.
2. మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా బ్రేకు పైపును వేలితో తడుముతూ పొండి. క్లిప్పుల కింద, ఇరుసు మీద, డ్రమ్ముల కింద భాగంలో ఎక్కువ చూడండి. పెచ్చులు లేస్తే, గుంటలు తగిలితే ఆ పైపు మార్చాల్సిందే. పైన రంగు వేసి దాచవద్దు.
3. రబ్బరు హోసులను వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చండి.
4. చక్రం లోపలివైపు తడి ఉందా చూడండి. ఉంటే వీల్ సిలిండర్ కారుతున్నట్టు, లేదా ఇరుసు నూనె సీలు పోయినట్టు.
5. ఇంజిన్ ఆపి, పెడల్‌ను గట్టిగా అర నిమిషం తొక్కి పట్టండి. మెల్లగా కిందికి పోతుంటే ఎక్కడో లీకు ఉంది.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లతో తడిపి తుడవండి.

రెండో పని: పైపు మార్చి గాలి తీయడం

పైపు అతుకు వేయించవద్దు. వట్టి రాగి పైపు వేయవద్దు. బ్రేకు కోసమే తయారైన, పైన పూత ఉన్న ఇనుప పైపే వేయండి. చివర్లు డబుల్ ఫ్లేర్ చేయాలి. ఆ పనిముట్టు నా దగ్గర లేదు, పైపు కొలత తీసుకుపోయి వర్క్‌షాపులో చేయించుకున్నా. బిగించేది ఇంట్లోనే. పైపు పోయే దారిని డ్రమ్ముల కింద నుంచి తప్పించి, ఛాసిస్ లోపలి వైపుకు మార్చాను.

బ్రేకు నూనె డాట్ 3 లేదా డాట్ 4. మీ బండికి ఏది చెప్పారో అదే. ఇంజిన్ ఆయిల్ గానీ, ఇంకే ఖనిజ నూనె గానీ ఒక్క చుక్క కలిసినా రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే తెరిచి పెట్టిన డబ్బా వాడవద్దు, రెండేళ్లకోసారి మొత్తం మార్చండి.

గాలి తీసే వరుస: మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం ముందు. మన కుడిచేతి స్టీరింగ్ బండిలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టాలి. ఇంకొకరు బ్లీడ్ నట్టు వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. మా ఇంట్లో బాపు తొక్కుతాడు, నేను కింద ఉంటా. "పట్టు" "వదులు" అని గట్టిగా అనుకుంటాం. మధ్యమధ్యలో డబ్బాలో నూనె అడుగంటకుండా పోయాలి. వచ్చిన నూనె మళ్లీ వాడవద్దు.

తర్వాత ఖాళీ బండిని చదునులో నడక వేగంతో ఆపి చూడండి. ఆపైన సగం బరువుతో. ఆ తర్వాతే వాలు.

మూడో పని: బరువు ఎక్కడ, ఎంత

ఎకరాకు 200 లీటర్ల జీవామృతం మన అందరికీ తెలిసిన లెక్క. నేను టైం కలిసొస్తుందని రెండెకరాలది ఒకేసారి మోశాను. ఇప్పుడు ఒక ట్రిప్పు, ఒక ఎకరం. బండి మోయగలిగే మొత్తం బరువు ఆర్సీలో రాసి ఉంటుంది. ఖాళీ బండి, మనుషులు, ద్రావణం, డబ్బాలు, పంపు అన్నీ అందులోకే రావాలి.

పెద్ద డ్రమ్ము బదులు 50 లీటర్ల డబ్బాలు నాలుగు పెట్టాను. సగం ఖాళీ అయిన పెద్ద డ్రమ్ములో ద్రావణం ఊగుతుంది. మలుపులో, బ్రేకు వేసినప్పుడు ఆ ఊపు బండిని తోస్తుంది. చిన్న డబ్బాల్లో ఆ బాధ తక్కువ. డబ్బాలను వెనక ఇరుసుకు ముందుకు, వీలైనంత కిందికి జరిపాను. బెల్టులు రేకుకు కాదు, ఛాసిస్‌కు పట్టేటట్టు కట్టాను.

డబ్బాల కింద ప్లాస్టిక్ ట్రే. ట్రే నుంచి ఒక గొట్టం వెనక బంపర్ దాటి బయటికి. ఒలికింది ఛాసిస్ మీద పడకుండా నేల మీద పడుతుంది. బండికి నేను చేసిన మార్పుల్లో అతి చవకైనది ఇదే, అతి ముఖ్యమైనదీ ఇదే.

12 వోల్టుల చిన్న పంపు పెడితే ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరలో ఉండాలి, పంపు దగ్గర కాదు. మధ్యలో తీగ రాపిడి పడి షార్ట్ అయితే అప్పుడే కాపాడుతుంది.

పని అయ్యాక పది నిమిషాలు మంచినీళ్లతో బండి కింద కడగాలి. కడిగాక కొంత దూరం మెల్లగా నడుపుతూ బ్రేకు రెండుమూడుసార్లు తొక్కండి. డ్రమ్ము తడిగా ఉంటే బ్రేకు సరిగా పట్టదు.

బొగ్గు దుమ్ము, ఫోర్ వీల్ లివర్

నా బండిలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంది. గాలి నూనె మీదుగా పోతుంది, దుమ్ము నూనెలో దిగుతుంది. మా రోడ్డు మీద వారానికోసారి గిన్నె విప్పి చూస్తా. అడుగున మడ్డి పేరుకుంటే కడిగి, గీత వరకే కొత్త నూనె పోస్తా. గీత దాటి పోస్తే ఇంజిన్ ఆ నూనెను పీల్చుకుంటుంది, అది ప్రమాదం. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, గడ్డి ఇరికితే ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లటి నీటి ధారతో కడగాలి.

ఫోర్ వీల్ లివర్ బురదకు, వదులు నేలకు. తారు రోడ్డు మీద వేసి నడపవద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి. ఈ బండిలో మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. తారు మీద చక్రం జారదు కాబట్టి ఆ బిగువంతా గేర్లు, క్రాసుల మీద పడుతుంది. వాలు దిగేటప్పుడు మాత్రం పైనే ఆగి, ఫోర్ లో వేసుకుని, చిన్న గేరులో దిగాలి. ఇంజినే పట్టుకుంటుంది. ఆ రోజు నేను ఇది చేసి ఉంటే బ్రేకు పోయినా నడక వేగంలోనే ఉండేవాళ్లం.

నీళ్లలో నుంచి వస్తే డిఫరెన్షియల్ నూనె చూడండి. పాల రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు, మార్చాలి.

చేయనివి

వెడల్పు టైర్లు వేయమని, కమాన్ పట్టీలు ఒకటి ఎక్కువ కట్టమని చాలామంది చెప్పారు. పట్టీ కలిపితే బండి వంగదు అంతే, ఇరుసు బలం పెరగదు, బ్రేకు బలం పెరగదు. బరువు ఎక్కువైందని చెప్పే గుర్తును మనమే దాచినట్టు అవుతుంది.

ఇంకోటి చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందు రవాణా శాఖను అడగాలి. ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది. అందుకే నా డబ్బాలు, ట్రే, పంపు అన్నీ విప్పేవే. వెల్డింగ్ ఒక్కటీ లేదు. సొంత బండికి 15 ఏళ్లు నిండాక తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. కాగితాలు సరిగా లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

చివరిది మన నేలది. తీసిన ఇంజిన్ ఆయిల్‌ను చెదలు పట్టవని కంచె గుంజలకు పూయడం మన ఊళ్లలో అలవాటు. వానకు అది మట్టిలోకే దిగుతుంది. రసాయనాలు మానేసిన పొలంలో అది పోస్తే మనం చేసేదానికి అర్థం లేదు. క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. బండి కింద మరమ్మతు చేసేటప్పుడు రేకు పరచండి.

నా పట్టిక

- ప్రతి ట్రిప్పుకు ముందు: పెడల్ తొక్కి చూడటం, బ్రేకు నూనె మట్టం, కింద తడి.
- ప్రతి ట్రిప్పు తర్వాత: కింద కడగడం.
- వారానికి: ఎయిర్ క్లీనర్, రేడియేటర్, టైర్ల గాలి.
- నెలకు: పైపులు తడిమి చూడటం, గ్రీజు, క్రాసులు, యూ బోల్టులు, హ్యాండ్ బ్రేకు బిగువు.
- రెండేళ్లకు: బ్రేకు నూనె మొత్తం.

ఈ పట్టిక ఒక నోటుబుక్కులో ఉంది. చూసిన తేదీ వేసి సంతకం పెడతా. నవ్వుకోకండి, అది బాపు పెట్టిన రూలు. "బాయిల మిషన్ చూడకుండా చూసిన అని రాస్తే తర్వాతి షిఫ్టోడు చస్తడురా. నీ బండికి తర్వాతి షిఫ్టు నేనే, నీ పిల్లలే" అన్నడు.

జీవామృతం మోసే బండి మీ దగ్గర ఉంటే ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ముందు స్టాండ్లు, తర్వాత కింద పడుకోవడం, తర్వాత వెనక ఇరుసు మీది పైపును వేలితో తడమడం. పెచ్చు ఊడితే ఆ రోజు బండి తీయకండి. పంట ఒక రోజు ఆగుతుంది.