వినుట యను విద్య

మాటలాడుట మనకు పసితనముననే అలవడును. వినుట మాత్రము తల నెరసినను పలువురకు అలవడదు.

బాలబాలికలారా! మీలో కొందరు అష్టావధానమును చూచియుందురు. వేదికపై అవధాని కూర్చుండును. ఆతని చుట్టును ఎనమండుగురు పృచ్ఛకు లుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదము లిచ్చి, వానితో పద్యము చెప్పు మందురు. నిషేధాక్షరి నడపువారు అక్షరమక్షరమునకు అడ్డు తగులుదురు. అప్రస్తుతప్రసంగి నడుమ నడుమ ఏవేవో ముచ్చటలు తెచ్చి దృష్టిని మరలింప జూచును. కొన్ని సభలలో గంట మ్రోగుచుండును. అది ఎన్నిమారులు మ్రోగెనో తుదకు అవధాని చెప్పవలెను.

మన పత్తి, మిరప పొలముల నడుమ, నరసరావుపేట ప్రాంతమునందలి కొప్పరము కొప్పరపు సోదరకవుల ఊరు. వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942) ఆశుకవిత్వమునందును, అవధానములందును మిక్కిలి ప్రసిద్ధి గాంచిరి. వారి నోటి వేగమును లోకము మెచ్చుకొనెను. కాని పృచ్ఛకుని మాట పూర్తిగా వినని అవధాని ఎంత వేగముగ పద్యము చెప్పినను, అది అడిగినదానికి సమాధానము కానేరదు. నోటికి ముందు చెవి పనిచేయవలెను.

ఈ సంగతి నేను ఎందరికో బోధించితిని. నేనే నేర్చుకొనలేదని ఒక విద్యార్థి వలన తెలిసికొంటిని.

అది మిరపకాయలు కళ్లములలో ఎండు కాలము. పరీక్షరుసుము చెల్లించుటకు కడపటి దినము. ఒక రైతుబిడ్డ ఆలస్యముగ వచ్చి, "అయ్యా!" అని ఏదో చెప్పబోయెను. "సాకులు వలదు" అని నేను కాలము విలువను గూర్చి ఉపన్యాసము మొదలిడితిని. అతడు మరల నోరు తెరచెను. నేను మరల వారించితిని. అతడు తలవంచుకొని ఊరకుండెను. మరునాటినుండి బడికి రాలేదు.

నాలుగవనాడు నేనే వారి యింటికి పోయితిని. అకాలవర్షమునకు తడిసిన కాయలు తెల్లబడి, తాలుకాయలై కళ్లమునిండ పడియుండెను. తండ్రి లేచి నిలువబడి, "రెండు రోజులు గడువివ్వమని తమరిని అడగమన్నానండీ. పిల్లవాడు చెప్పలేదా, మాస్టారూ?" అనెను.

చెప్పలేదనుటకు నాకు నోరు రాలేదు. ఆ దినమున రెండు మాటలు వినియున్నచో, ఆ రుసుమును నేనే చెల్లించియుందును. గడువు దాటిపోయెను. ఆ యేడు అతడు పరీక్ష వ్రాయలేదు.

నాటినుండి, తరగతిలో ఎవరు లేచి నిలుచున్నను, వారి మాట ముగియువరకు నేను బదులు చెప్పుట మానితిని. మీరును ఇంటను బడిలోను ఎదుటివారి మాటకు అడ్డు రాకుడు. వారు చెప్పినదానిని ఒకమారు మనసులో అనుకొని, పిదప బదులు పలుకుడు. మీ నేస్తము చెప్పబోయి ఊరకున్నచో, ఏమని అడిగి, పూర్తిగా వినుడు.