పద్దునందలి ధర్మము

ఖానాపురం హవేలికి అనతిదూరముననున్న నేలకొండపల్లి కంచెర్ల గోపన్న జన్మస్థలము. 17వ శతాబ్దిని గోల్కొండ ప్రభుత్వమున పాల్వంచ తహసీలుదారుగానుండి, ఆయన పన్ను సొమ్ముతో భద్రాచలమున ఆలయము కట్టించి చెరసాల పాలయ్యెనని జనశ్రుతి. రామలక్ష్మణులు తానీషాకు ఆ సొమ్మంతయు చెల్లించి రశీదు పుచ్చుకొనిరని కథ ముగియును.

అవతారములను మేమంగీకరింపము, అయినను ఇందలి నీతి శిరోధార్యము. దైవకార్యమునకు వెచ్చించినంతమాత్రమున పరుల సొమ్ము మాఫీ కాలేదు. కథలోని దేవుడును బాకీ తీర్చి రశీదు పొందవలసివచ్చెను.

నేటి వ్యాపారమునందును ధర్మమిదియే. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థాధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో 5,040 కోట్ల రూపాయల లేని నిలువ చూపబడినదని స్వయముగా వ్రాసెను. తొలుత స్వల్పమైన వ్యత్యాసమే ఏటేట పెరిగినదట. 2015లో ప్రత్యేక న్యాయస్థానము నేరమును నిర్ధారించెను. ఆ లోటు పూడ్చుటకు ఏ రాముడును రాలేదు.

శిక్షకు వెరచి నిజము వ్రాయుట మొదటి మెట్టు. లోకనిందకు వెరచి వ్రాయుట రెండవది. ఎవ్వరును చూడని పద్దును సైతము అంతరాత్మ సాక్షిగా వ్రాయుట కడపటిది. సోదరులారా, తొలి తప్పుటంకెకు కలమెత్తిన క్షణముననే నిలువుడు. దిద్దుకొనుట సులభమగు కాలమదియే.